ఉత్సర్గ నాళం: ఆంధ్రదేశంలో చరిత్ర, చేతి తయారీ

లోపలి గాలిని తోడేసి, కొద్దిపాటి వాయువు మిగిల్చి లేదా నింపి, రెండు కొసల్లో లోహపు ఎలక్ట్రోడ్లు అతికిన గాజు గొట్టాన్ని ఉత్సర్గ నాళం అంటారు. కళాశాల ప్రయోగశాలల్లో వాడుక పేరు డిశ్చార్జి ట్యూబు. తగినంత వోల్టేజి ఇస్తే లోపలి వాయువు తన సొంత రంగులో వెలుగుతుంది. నియాన్‌ది నారింజ కలిసిన ఎరుపు, హైడ్రోజన్‌ది గులాబీ, ఆర్గాన్‌ది లేత ఊదా, పాదరస ఆవిరిది నీలం. వెలిగించేది విద్యుత్తే అయినా ఈ పరికరం ఎదుగుదలను నిర్ణయించింది మాత్రం పంపు. ఏ కాలంలో గాలిని ఎంతవరకు తోడగలిగారో ఆ కాలంలో అంతవరకే ఇది సాగింది.

తొలి రూపాలు

1705 ప్రాంతంలో లండన్‌లో ఫ్రాన్సిస్ హాక్స్‌బీ గాలి తీసిన గాజు గోళాన్ని తిప్పుతూ అరచేత్తో రుద్ది లోపల వెలుగు పుట్టించాడు. ఆ తర్వాత నూటయాభై ఏళ్లు కథ పెద్దగా ముందుకు కదలలేదు. 1857లో జర్మనీలోని బాన్ నగరంలో హైన్రిష్ గైస్లర్ అనే గాజు పనివాడు తన పాదరసపు పంపుతో మునుపెన్నడూ లేనంత పలుచని వాయువును గొట్టాల్లో బంధించాడు. రూమ్‌కార్ఫ్ తీగచుట్ట (ఇండక్షన్ కాయిల్) అప్పటికే ఉంది కనుక వేల వోల్టులకు కొరత లేదు. మెలికలు, బుడగలు తీర్చిన ఆ గొట్టాలు ఉపన్యాస వేదికల మీద జనాన్ని కట్టిపడేశాయి. ఇంకా లోతైన శూన్యంతో క్రూక్స్ చేసిన గొట్టాల నుంచి 1895లో రాంట్జన్‌కు ఎక్స్ కిరణాలు, 1897లో జె.జె. థామ్సన్‌కు ఎలక్ట్రాన్ దొరికాయి. నియాన్‌ను 1898లో రామ్సే, ట్రావర్స్ కనుగొన్నారు. 1910లో జార్జ్ క్లాడ్ దాన్ని పారిస్ మోటారు ప్రదర్శనలో వెలిగించడంతో అది వ్యాపార దీపమైంది.

పీడనానికీ, వెలిగించడానికి కావలసిన వోల్టేజికీ ఉన్న లెక్కను 1889లో ఫ్రీడ్రిష్ పాషెన్ తేల్చాడు. మామూలు గాలిలో ఒక సెంటీమీటరు ఎడాన్ని దాటి నిప్పురవ్వ దూకాలంటే సుమారు 30,000 వోల్టులు కావాలి. పాదరస మట్టంలో ఒక మిల్లీమీటరు దరిదాపుల పీడనానికి గాలిని పలుచన చేస్తే అదే ఎడానికి కొన్ని వందల వోల్టులు చాలు. ఇంకా తోడుతూ పోతే మళ్లీ కష్టమవుతుంది. ఎలక్ట్రాన్‌కు దారిలో ఢీకొనడానికి అణువులే దొరకవు. ఇంట్లో గొట్టం తయారుచేసుకునే విద్యార్థి ముందుగా నేర్వవలసిన సూత్రం ఇదే.

ఆంధ్రలో

వాయువుల వర్ణపటం చూడాలంటే వాటిని వెలిగించక తప్పదు. అందుకే తెలుగునాట ఈ పరికరం కథ వర్ణపట శాస్త్రంతో ముడిపడి ఉంది. విజయనగరం మహారాజా కళాశాలలో ఎ.ఎల్. నారాయణ్, ఆయన వద్ద పనిచేసిన కొచ్చెర్లకోట రంగధామరావు 1920ల్లోనే ఆ పరిశోధనలు సాగించారు. నారాయణ్ తర్వాత కొడైకెనాల్ సౌర వేధశాలకు డైరెక్టరయ్యారు. రంగధామరావు లండన్‌లో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ వద్ద పనిచేసి వచ్చి వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖను వర్ణపట పరిశోధనకు పేరెన్నికగన్న కేంద్రంగా తీర్చిదిద్దారు. అక్కడే సూరి భగవంతం రామన్ ఫలితం మీద పనిచేశారు. ఆనాటి రామన్ ప్రయోగాలకు వెలుగునిచ్చిన పాదరసపు ఆర్క్ దీపం కూడా ఉత్సర్గ నాళపు కుటుంబంలోదే.

రెండో ప్రపంచ యుద్ధంలో వాల్తేరు ఆవరణను సైన్యం తీసుకోవడంతో 1942లో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. యుద్ధం ముగిసేదాకా భౌతికశాస్త్ర శాఖ పత్రాలు గుంటూరు చిరునామాతోనే వెలువడ్డాయి.  

ఈ చరిత్రలో అందరికన్నా ఎక్కువ గుర్తింపు దక్కవలసిన పేరు స్వామి జ్ఞానానంద. భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టి, సన్యసించి, హిమాలయాల్లో యోగసాధన చేసి, ఐరోపా వెళ్లి భౌతికశాస్త్రంలో పడ్డారు. ప్రాగ్‌లో ఎక్స్ కిరణ వర్ణపటాలపై, లివర్‌పూల్‌లో బీటా కిరణాలపై పరిశోధించారు. శూన్యాన్ని సాధించడం, కొలవడం గురించి ‘హై వాక్యువా’ అనే ఇంగ్లిషు గ్రంథాన్ని 1947లో వెలువరించారు. పంపే ప్రాణమైన ఈ విద్యలో అలాంటి పుస్తకం ఒక తెలుగువాడి చేతి నుంచి రావడం చిన్న సంగతి కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన నెలకొల్పిన అణు భౌతిక ప్రయోగశాల నేడు ఆయన పేరుతోనే ఉంది.

ఇంటి తయారీ

పెద్ద ప్రయోగశాల లేకుండానే ఈ వెలుగును చూపే దారులున్నాయి. అన్నిటికన్నా చిన్నది ప్రతి ఇంట్లో ఉండే కరెంటు టెస్టరు. దాని పిడిలో మెరిసేది నియాన్ దీపమే. ఏసీ మెకానిక్కులు వాడే వాక్యూమ్ పంపు మందపాటి గాజు సీసాలో గాలిని మిల్లీమీటరు కన్నా తక్కువ పీడనానికి తేగలదు. అతుకుల దగ్గర గాలి దూరకుండా చూసి ఎలక్ట్రోడ్లకు తగినంత వోల్టేజి ఇస్తే సీసా గులాబీ ఊదా కాంతితో నిండుతుంది.

ప్లాస్మా గోళం ఇంకో దారి. దీనికి మూలం 1890ల్లో టెస్లా చేసిన ఒంటి ఎలక్ట్రోడ్ దీపాలు. ఇప్పటి రూపాన్ని 1970ల మొదట్లో అమెరికాలో విద్యార్థిగా ఉన్న బిల్ పార్కర్ ఇచ్చాడు. పాత ఫిలమెంటు బల్బులో ఆర్గాన్, నత్రజని ఎలాగూ ఉంటాయి కనుక ఔత్సాహికులు దాన్నే గోళంగా వాడతారు. విద్యుత్తుకు పాత పిక్చర్ ట్యూబు టీవీలోని ఈహెచ్‌టీ (అత్యధిక వోల్టేజి) ట్రాన్స్‌ఫార్మర్‌ను వాడతారు. బల్బు మీద వేలు పెడితే ఊదా తీగలు అటు మళ్లుతాయి, ఎందుకంటే చేయి కూడా ఆ వలయంలో భాగమవుతుంది.

ప్రమాదం కూడా అక్కడే ఉంది. రంగుల టీవీలో ఈహెచ్‌టీ 20,000 వోల్టులు దాటుతుంది. టీవీ ఆపేశాక కూడా పిక్చర్ ట్యూబులో చార్జి నిలిచి ఉంటుంది. నియాన్ బోర్డుల ట్రాన్స్‌ఫార్మర్ ప్రాణం తీయగలదు. పలుచని సీసా లోపలికి కుప్పకూలి గాజు పెంకులు ఎగజిమ్ముతుంది. శూన్యం మరీ లోతైతే ఇదే గొట్టం ఎక్స్ కిరణాలను వెదజల్లుతుంది. బడి ప్రదర్శనలో ఉపాధ్యాయుడు పక్కన లేకుండా స్విచ్ వేయనివ్వకూడదు.

దుకాణాల నియాన్ బోర్డులను, వీధుల్లోని సోడియం దీపాలను ఎల్‌ఈడీలు దాదాపు తుడిచిపెట్టాయి. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ వీధుల్లో ఆ మార్పు ఒక్కసారిగా జరిగింది. డిగ్రీ ప్రయోగశాలలో మాత్రం సోడియం దీపం చోటు పోలేదు. న్యూటన్ వలయాలను కొలవడానికి, గ్రేటింగుతో 5890, 5896 ఆంగ్‌స్ట్రామ్‌ల జంట గీతలను విడదీసి చూడడానికి విద్యార్థులు ఇప్పటికీ దాన్నే వెలిగిస్తున్నారు.