ఫిబ్రవరి 22: కోవెలకుంట్ల చరిత్రలో
1847లో ఇదే రోజున, తనపై తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో జనం చూస్తుండగా ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఉరితీసింది. ఉయ్యాలవాడ నేటి ఆళ్లగడ్డ నియోజకవర్గంలో, నంద్యాల జిల్లాలో ఉంది. ఇదే తేదీన 1944లో కస్తూర్బా గాంధీ పూణేలోని ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలోనే మరణించారు. 1958లో మౌలానా ఆజాద్ ఢిల్లీలో కన్నుమూశారు. ఈ పేర్ల సరసన నరసింహారెడ్డి పేరు కూడా ఉండాలి. ఆయన పోరు సొంత భరణం కోసమేనని, దాన్ని స్వాతంత్ర్య పోరాటమనడం అతిశయోక్తి అని ఒక అభ్యంతరం ఉంది. ఆయనకు రావలసిన భరణం ఆగడం తిరుగుబాటుకు ఒక కారణమన్నది నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. కానీ ఒక్కడి భరణం కోసం వందలమంది ప్రాణాలకు తెగించరు. తరతరాలుగా ఊరి కాపలా కాసిన కట్టుబడులకు ఆ సేవకు ప్రతిఫలంగా ఇనాం భూములుండేవి. ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకోసాగింది. 1846లో ఆయన వెంట కోవెలకుంట్ల ఖజానాపై పడినవారిలో ఆ కడుపుమంట ఉంది. ప్రభుత్వం కూడా ఈ తిరుగుబాటును భరణం తగాదాగా చూడలేదు. చూసి ఉంటే ఉరితో ఆగేది. ఆయన తలను 1877 దాకా కోట బురుజుకు వేలాడదీసి ఉంచాల్సిన అవసరం ఉండేది కాదు. ఆయనను ఉరితీసేనాటికి సిపాయిల తిరుగుబాటు రావడానికి ఇంకా పదేళ్లుంది.