తెల్ల జాబితా: క్రిస్మస్ కానుకల వెనుక శ్రమ చరిత్ర

19వ శతాబ్దం చివర న్యూయార్క్‌లోని పెద్ద దుకాణాలకు క్రిస్మస్ ముందరి వారాలు లాభాల పంట కాగా, అమ్మకాలు చూసే యువతులకూ, డబ్బునూ పొట్లాలనూ మోస్తూ తిరిగే పిల్లలకూ అవి రాత్రి పొద్దుపోయేదాకా సాగే చాకిరీ రోజులు. ఆ అదనపు గంటలకు తరచూ కూలి దక్కేది కాదు. ఆసనాలు ఉండాలని చట్టం విధించినా, వాటిపై కూర్చునే స్వేచ్ఛ చాలామంది అమ్మాయిలకు లేకపోయింది.

ఈ అన్యాయాన్ని కొనుగోలుదారుల ద్వారానే సరిదిద్దాలన్న సంకల్పంతో 1891లో జోసఫీన్ షా లోవెల్ అధ్యక్షురాలిగా వినియోగదారుల సంఘం ఏర్పడి, సిబ్బందిని న్యాయంగా చూసే దుకాణాల పేర్లతో ‘తెల్ల జాబితా’ను ప్రకటించింది. అనుభవమున్న స్త్రీకి వారానికి కనీసం 6 డాలర్లు, సమానమైన పనికి స్త్రీపురుషులకు సమాన వేతనం, ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకే పని, మధ్యలో ముప్పావుగంట భోజన విరామం, 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోకపోవడం అందులో ప్రధాన నియమాలు. తొలి జాబితాకు 8 దుకాణాలే అర్హత పొందడం నాటి వ్యాపారనీతికి తిరుగులేని సాక్ష్యం.

1899లో జాతీయ వినియోగదారుల సంఘం పగ్గాలు చేపట్టిన ఫ్లారెన్స్ కెల్లీ, కానుకలను ముందుగానే కొని చివరి రోజుల ఒత్తిడి తగ్గించాలని ప్రచారం చేశారు. బాలకార్మికులు లేకుండా, కర్మాగార చట్టాలకు లోబడి తయారైన లోదుస్తులకు ‘తెల్ల చీటీ’ అనే గుర్తింపు ముద్రను సంఘం ఇచ్చింది. అయితే కొనేవారి సద్బుద్ధి ఒక్కటే చాలదని గ్రహించిన కెల్లీ చట్టాల కోసమూ పోరాడారు; స్త్రీల పనిదినాన్ని 10 గంటలకు పరిమితం చేసిన ఒరెగాన్ చట్టాన్ని 1908లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు, వాదనకు ఆధారమైన సమాచారాన్ని సేకరించినది ఈ సంఘమే.