కార్డూ, దవాఖానా, మంచినీళ్లూ
పాలమూరు, నల్లగొండ ప్రజల ఆరోగ్య వాదం

చరిత్ర అంటే రాజుల వంశావళి కాదనీ, జనం తిన్నదీ, కట్టినదీ, నమ్మినదీ చరిత్రేననీ 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ద్వారా నిరూపించినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు. వారు పాలమూరు బిడ్డ. ఆ జిల్లా జనం గత రెండు దశాబ్దాలుగా హోటలు బల్లల దగ్గరా, బస్సుస్టాండు అరుగుల మీదా చేస్తూ వచ్చిన ఒక వాదాన్ని కూడా మనం చరిత్రగానే పరిగణించవలసి వుంది. రోగమొచ్చిన పేదవాడి ఖర్చు ఎవరు భరించాలి? వైద్యం హక్కా, దయా? ఆ వాదం సారాంశం ఇదే.

ఈ ప్రశ్న కొత్తది కాదు. డబ్బు చెల్లించలేని కారణాన ఏ మనిషికీ వైద్యం అందకుండా పోరాదని 1946లోనే భోర్ కమిటీ నివేదిక చెప్పింది. గ్రామాలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కావాలన్నది దాని ముఖ్య సిఫారసు. కేంద్రాలు క్రమంగా వచ్చాయి. కాని చాలాచోట్ల భవనం వుంటే డాక్టరు వుండడు, డాక్టరు వుంటే మందు వుండదు. పెద్దరోగం వస్తే పేదవాడికి మిగిలే దారులు రెండే: ఎకరం చెలక అమ్ముకోవడం, లేదా ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవడం. అర్జీకి సిఫారసు కావాలి. సిఫారసుకు నాయకుడి గడప తొక్కాలి. హక్కు దయగా మారిపోయేది ఆ గడప దగ్గరే.

2007 ఏప్రిల్ 1న ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాజీవ్ ఆరోగ్యశ్రీని ప్రయోగాత్మకంగా మూడు వెనుకబడిన జిల్లాల్లో ప్రారంభించింది. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం ఆ మూడు జిల్లాలు. తెల్ల రేషను కార్డున్న కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల రూపాయల దాకా, ఎంపికచేసిన శస్త్రచికిత్సలకూ పెద్దరోగాలకూ వైద్యం. బీమా రుసుము ప్రభుత్వమే కట్టింది. 2008 నాటికి పథకం రాష్ట్రమంతటికీ వ్యాపించింది. తెలంగాణ ఏర్పడిన తర్వాతా కొనసాగి, 2023 డిసెంబరు 9 నుండి పరిమితి పది లక్షలయింది.

జనవాదం ఇక్కడే పదునెక్కింది. "బిడ్డ గుండెకు ఆపరేషన్ అయింది, ఒక్క పైస పెట్టలే, సర్కారు సల్లగుండాలె" అని ఒక తల్లి అంటుంది. "కార్డుంటే గుండె కోస్తరు సారూ, జ్వరమొస్తే సూడరు" అని పక్కనున్న కూలీ అందుకుంటాడు. ఇద్దరూ నిజమే చెపుతున్నారు. పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద వైద్యానికి ఉద్దేశించినది. జ్వరాలూ, విరేచనాలూ, రోజూ మింగవలసిన బీపీ మాత్రలూ చాలావరకు దాని చేతికి అందనివి. పైగా పాలమూరు లేబరు దేశమంతా తిరిగి ప్రాజెక్టులు కట్టిన జనం. కార్డు వూళ్లో వుంటుంది, మనిషి వలసలో వుంటాడు.

మనలో కొందరు విమర్శకులు ఈ పథకాన్ని ప్రైవేటు ఆసుపత్రుల లాభాల పంటగా మాత్రమే చూశారు. ప్రజాధనం పెద్దయెత్తున కార్పొరేటు వైద్యానికి మళ్లిందన్న మాట కాదనలేనిది. అదే ధనంతో జిల్లా ఆసుపత్రులు బలపడివుండేవన్న వాదమూ సబబే. కాని ఆ తల్లికి మన దగ్గర జవాబేది? రేపు కట్టబోయే దవాఖానా ఈనాటి గుండెజబ్బును నయం చేయదు. ఆమె పొందిన వూరటను చిన్నచూపు చూసే విమర్శ ప్రజల విమర్శ కాజాలదు.

ఇదే సంఘర్షణ అమెరికాలోనూ సాగింది. 1945లో అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ ఆరోగ్య బీమా ప్రతిపాదిస్తే, అక్కడి వైద్యుల సంఘం దానికి సోషలిజం ముద్ర వేసి అడ్డుకున్నది. 1965లో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ వచ్చాయి. 2010లో ఒబామా శాసనం, పాత రోగం సాకుతో బీమా నిరాకరించరాదన్నది. 2017లో దాన్ని తొలగించే ప్రయత్నం సెనేటులో 49-51 ఓట్లతో వీగిపోయింది. అంతటి ధనిక దేశంలోనూ వాదం తెగలేదు. కారణం స్పష్టం: బీమా అన్నది ఖర్చును పంచే యంత్రం, వైద్యాన్ని సృష్టించే యంత్రం కాదు. యంత్రం ఎవరి చేతిలో వున్నదన్నదే అక్కడా ఇక్కడా తగాదా.

ఈ వాదానికి నల్లగొండ మరొక మెట్టు చేర్చింది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో భూగర్భజలంలోని ఫ్లోరైడు తరాల తరబడి ఎముకలను వంచివేసింది. వంగిన వెన్ను ఏ శస్త్రచికిత్సతోనూ పూర్వస్థితికి రాదు. ఈ రోగానికి కార్డు చాలదు, దవాఖానా చాలదు, మంచినీళ్లు కావాలి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి లోకమంతటా 'నల్లగొండ పద్ధతి' అనే పేరు నిలిచింది. పేరు జిల్లాది, కాని జిల్లా జనం కృష్ణానీటి కోసం ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. 2015లో మిషన్ భగీరథకు చౌటుప్పల్‌లో పునాది పడిందంటే, దాని వెనుక ఆ వంగిన మనుషుల ఆందోళన వున్నది. వారు అడిగినది చికిత్స కాదు, రోగం రాకుండా బతికే హక్కు.

కనుక పాలమూరు తల్లి, వలసకూలీ, నల్లగొండ వికలాంగుడు పరస్పరం ఖండించుకోవడం లేదు. ఒకరు ప్రాణాపాయంలో ఆదుకోమంటున్నారు, ఒకరు దినదినం ఆదుకోమంటున్నారు, ఒకరు రోగమే రానీయవద్దంటున్నారు. మూడింటినీ కలిపితేనే ప్రజారోగ్యం. ఏ ప్రభుత్వం వచ్చినా మొదటిదానికి ఫొటో వుంటుంది, రెండవదానికీ మూడవదానికీ వుండదు. ఫొటో లేనిదాన్ని గుర్తుచేస్తూ వుండడం రచయితల పని. అరుగుమీది జనం ఆ పని ఇప్పటికే మొదలుపెట్టారు. మనం వారి వెనుక నడిస్తే చాలు.