కవిలె కట్టలు, బుక్‌మార్కులు

కంప్యూటరు ఫార్మాట్ చేయించాక "నా బుక్‌మార్కులన్నీ పోయాయి, వెనక్కి ఎలా తెచ్చుకోవాలి?" అని అడిగేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఆ జవాబు చిన్నదే, చివర్లో చెప్తాను. ముందు కాస్త చరిత్ర. ఎందుకంటే ఉన్న ఒక్క ప్రతీ పాడైపోతుంటే నకళ్ళు తీసి కాపాడుకునే పని మన గుంటూరు సీమలో రెండొందల ఏళ్ళ కిందటే జరిగింది. బ్యాకప్ అనే మాట అప్పుడు లేదు, అంతే :)

పూర్వం ఊరి లెక్కలన్నీ కరణం దగ్గర ఉండేవి. ఊరి హద్దులు, మాన్యాలు, గుడికిచ్చిన భూములు, ఏ రాజు కాలంలో ఏం జరిగిందీ... ఇవన్నీ తాటాకుల మీద గంటంతో రాసి కట్టలు కట్టేవాళ్ళు. అవే కవిలెలు. ఉన్నది ఒకటే ప్రతి, అదీ కరణంగారి ఇంట్లో. చెదలు పట్టినా, ఇల్లు అంటుకున్నా ఊరి చరిత్ర మొత్తం పోయినట్టే. మన భాషలో చెప్పాలంటే, ఒకే హార్డ్ డిస్కు.

1783లో మద్రాసులో దిగిన కాలిన్ మెకంజీ వృత్తిరీత్యా ఇంజనీరు. సర్వే చేయడానికి వచ్చినవాడు ఊళ్ళ చరిత్ర మీద పడ్డాడు. ఆయనకి తెలుగు రాదు. అసలు పనంతా చేసింది ఏలూరు నుంచి వెళ్ళిన కావలి సోదరులు, వాళ్ళ కింద పనిచేసిన మనవాళ్ళు. బొర్రయ్య 1803లో చనిపోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. వీళ్ళ మనుషులు ఊరూరా తిరిగి కరణాలని అడిగి, కవిలెలు చదివించుకుని, కాగితాల మీద రాసుకున్నారు. అలా తయారైనవే కైఫియత్తులు. గుంటూరు ప్రాంతపు ఊళ్ళవి చాలావరకు 1810లలో రాసినవి.

అక్కడితో అయిపోలేదు. 1821లో మెకంజీ పోయాడు. ఆ సేకరణని కంపెనీ ప్రభుత్వం కొన్నది. కొంత లండన్ వెళ్ళింది, కొంత మద్రాసు చేరింది. మద్రాసులోని కాగితాలు శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్ వాటికి మళ్ళీ నకళ్ళు రాయించి బైండు చేయించాడు. 'లోకల్ రికార్డ్స్' అని ఇప్పటికీ చరిత్రకారులు వాడేవి అవే. అంటే తాటాకు నుంచి కాగితానికి, ఆ కాగితం నుంచి ఇంకో కాగితానికి, తర్వాత అచ్చుకి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థనే రద్దు చేసింది. ఎన్నో ఊళ్ళ కవిలెలు ఇవాళ కనపడవు, అందులోని సంగతులు మాత్రం మనం చదువుకోగలుగుతున్నాం.

అమరావతిదీ ఇదే కథ. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తున్న రోజుల్లో స్తూపం రాళ్ళు కట్టుబడికి పోయాయి, కొన్ని సున్నపు బట్టీకి పోయాయి. మెకంజీ తర్వాత మళ్ళీ వచ్చి 1816-18 మధ్య మిగిలిన శిల్పాలకి బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని శిల్పాలు ఇప్పుడు ఎక్కడా లేవు, బొమ్మలే ఉన్నాయి. రాయి అందం కాగితం మీదకి పూర్తిగా రాదు, నిజమే. అయినా ఏమీ మిగలకపోవడం కంటే నయం కదా!

ఇక మన కాలానికి వద్దాం. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజరులో మనకి నచ్చిన చిరునామాలు దాచుకోవడానికి 'హాట్‌లిస్ట్' ఉండేది. నెట్‌స్కేప్ దానికి బుక్‌మార్క్ అని పేరు పెట్టింది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, బుక్‌మార్కులో ఉండేది చిరునామా మాత్రమే, పేజీ కాదు. కవిలె ఫలానా కరణంగారింట్లో ఉంది అని చీటీ రాసుకోవడం లాంటిది. చీటీని భద్రంగా దాచుకున్నా, ఇల్లు కూలిపోతే?

కూలిపోయాయి కూడా. తెలుగు సాహిత్య చర్చలు జరిగిన 'రచ్చబండ' యాహూ గ్రూపుల్లో ఉండేది. యాహూ 2019 డిసెంబరులో గ్రూపుల పాత ఉత్తరాలన్నీ వెబ్ నుంచి తీసేసి, 2020 డిసెంబరులో మొత్తం మూసేసింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి పెట్టారు. 2017 ప్రాంతంలో ఆ సైట్లు తెరుచుకోవడం మానేశాయి. అదృష్టం కొద్దీ ఆ పుస్తకాల నకళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి. మళ్ళీ అదే సూత్రం, వేరే చోట ఇంకో ప్రతి.

అయితే అక్కడ వెతకాలంటే పుస్తకం పేరు తెలియాలి. ఒట్టి అంకెల లంకె దాచుకున్నవాళ్ళకి ఏ పుస్తకమో గుర్తుండదు. ఒంగోలునే చూడండి. 1904 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత గుంటూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా, 1972 నుంచి ప్రకాశం జిల్లా. జిల్లా పేరుతో వెతికితే పాత కాగితాలు దొరకవు, ఊరి పేరుతో వెతికితే దొరుకుతాయి. అందుకే బుక్‌మార్కు పెట్టేటప్పుడు పుస్తకం పేరు, రచయిత పేరు తెలుగులో రాసి పెట్టుకోండి.

ఇక మొదట్లో అడిగిన ప్రశ్న. ఫైర్‌ఫాక్స్ తనంతట తనే తేదీలవారీగా బుక్‌మార్కుల నకళ్ళు ఉంచుతుంది. బుక్‌మార్కుల లైబ్రరీ తెరిచి 'రిస్టోర్' నొక్కితే ఆ తేదీలు కనపడతాయి. క్రోమ్‌లో ప్రొఫైల్ ఫోల్డరులో 'బుక్‌మార్క్స్' పక్కనే డాట్ బ్యాక్ అనే పాత ప్రతి ఉంటుంది. క్రోమ్ మూసేసి, వెంటనే దాన్ని ఇంకో చోటికి కాపీ చేసుకోవాలి. ఆలస్యమైతే దాని మీద కొత్తది రాసేస్తుంది. డిస్కే ఫార్మాట్ అయిపోతే ఇవి రెండూ దానితోనే పోతాయి. సింక్‌ని కూడా బ్యాకప్ అనుకోకండి, ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది! నెలకోసారి హెచ్‌టిఎంఎల్‌గా ఎగుమతి చేసి పెన్‌డ్రైవులో ఒకటి, మెయిల్లో ఒకటి ఉంచండి. నెట్‌స్కేప్ నాటి ఆ ఫైలు పద్ధతిని నేటి బ్రౌజర్లు కూడా చదువుతాయి.

పనిచేయని లంకెల్ని మాత్రం తొందరపడి చెరపకండి. వేబ్యాక్ మెషీన్‌లో పాత పేజీని వెతకడానికి ఆ చచ్చిపోయిన చిరునామానే తాళంచెవి. ఇప్పుడు బతికున్న పేజీల్లో మీకు ముఖ్యమైనవి ఉంటే, వాటిని కూడా అక్కడ ఇవాళే భద్రపరచవచ్చు. లక్ష్మయ్యలాగా ఊరూరా తిరగనక్కర్లేదు, ఒక్క నొక్కు చాలు.