హాలు అద్దె సున్నా

ఈమధ్య బీరువా సర్దుతుంటే మా మహిళా సంఘం పాత లెక్కల పుస్తకం దొరికింది. 1998 నుంచి 2002 దాకా రాసిన నోటుపుస్తకం. కరపత్రాల అచ్చుకి ఇంత, పోస్టు కార్డులకి ఇంత, మైకుకి ఇంత అని నెలనెలా ఖర్చులు రాసి ఉన్నాయి. 'హాలు అద్దె' దగ్గర మాత్రం నాలుగేళ్ళూ సున్నాయే. అప్పట్లో ఆ సున్నా చూసి గర్వపడేవాళ్ళం. ఆ గది ఎవరిచ్చారు, ఏం నమ్మి ఇచ్చారు, చివరికి ఎందుకు పోయింది అన్నది మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు.

ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒక పెద్దాయన తన ఇంటి ముందుగది ఆదివారం సాయంత్రాలు మాకు వదిలేవారు. ఫ్యాను, కుర్చీలు, మంచినీళ్ళ కుండ అన్నీ ఆయనవే. "మంచి పని చేస్తున్నారమ్మా" అనేవారు. 2002లో ఒకమ్మాయి అత్తింట్లో వేధింపులు తట్టుకోలేక మా దగ్గరికొచ్చింది. ఆ అత్తింటివాళ్ళు ఆయనకి దగ్గరి చుట్టాలు. మేము ఆ అమ్మాయితో పోలీసు స్టేషనుకి వెళ్ళాం. తర్వాతి ఆదివారం గదికి తాళం వేసి ఉంది. రంగులు వేయిస్తున్నామన్నారు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మేమూ అడగలేదు. అంతటితో ఆ గది ముగిసింది.

అప్పటినుంచీ చరిత్ర చదివేటప్పుడు నాకొక అలవాటయింది. ఏ సంఘం గురించి చదివినా వాళ్ళు ఎక్కడ కూర్చున్నారు, ఆ చోటు ఎవరిది అని వెతుకుతాను. స్త్రీల సంఘాల చరిత్ర మనం ఎక్కువగా ఉపన్యాసాల్లోంచి, తీర్మానాల్లోంచి, పత్రికల్లోంచి రాసుకున్నాం. చోటు లేకుండా ఉపన్యాసం ఉండదు. డబ్బు లేనివాళ్ళకి చోటు ఎలా దొరికిందన్నది కూడా చరిత్రే.

1902లో భండారు అచ్చమాంబ మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. ఇంట్లో తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే పక్కన చేరి చదువు నేర్చుకున్న మనిషి ఆవిడ. ఊళ్ళు తిరిగి స్త్రీలను సమాజాలుగా కూడగట్టారు. 1905లో, ముప్ఫై ఏళ్ళకే చనిపోయారు. ఆ కాలపు స్త్రీ సమాజాలకి ఇళ్ళే సమావేశ మందిరాలు. గడప దాటడమే కష్టమైన స్త్రీలకి ఇంకో ఆడమనిషి ఇల్లు అంటే ఇంట్లోవాళ్ళు కాదనని చోటు. అద్దె లేదు, అనుమానం లేదు. కానీ ఆ ఇంట్లోకి ఏ కులం స్త్రీలు రాగలిగారు, ఎవరు వాకిట్లోనే ఆగిపోయారు అని అడిగితే ఆ 'ఉచితం' ఎవరికి ఉచితమో తెలుస్తుంది.

హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం కూడా ఇంట్లోనే పుట్టింది. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు తన ఇంట్లో చోటిచ్చారు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకీ, తెలుగువాళ్ళ కలయికకీ అదొక ఆధారమయింది. ఆయన పోయాక భాషానిలయానికి సొంత భవనం సమకూర్చుకోడానికి ఆయన భార్య లక్ష్మీనరసమ్మ విరాళమిచ్చారు. ఆయన ఇచ్చిన గది గురించి మనం చెప్పుకుంటాం. ఆవిడ ఇచ్చిన డబ్బు గురించి ఎంతమందికి తెలుసు? ఉచితంగా ఇచ్చినవాళ్ళలో కూడా ఆడవాళ్ళ పేర్లు వెనక్కి జరుగుతాయి.

ఇల్లు కాకపోతే పెద్ద సంస్థ పక్కన చోటు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. దాంతోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ జరిగింది. 1934లో ఖమ్మంలో మహిళా సభకి ఎల్లాప్రగడ సీతాకుమారి అధ్యక్షురాలు. మగవాళ్ళ సభలకి ఊరు కదిలినప్పుడు ఆ కదలికలోనే స్త్రీలు తమ సభ పెట్టుకున్నారు. విడిగా అంత ఏర్పాటు చేసుకోవడం అప్పుడు వాళ్ళకి సాధ్యమయ్యేది కాదని నాకనిపిస్తుంది. అది తెలివైన పని. అయితే పక్కన పెట్టిన సభని చరిత్ర కూడా పక్కనే ఉంచింది. పురుషుల సభ అధ్యక్షుల పేర్లు పరీక్షల కోసం పిల్లలు బట్టీపడతారు. సుందరమ్మ పేరు మనం వెతుక్కోవాలి.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితంలో ఈ కథ మరో మెట్టెక్కుతుంది. కాకినాడలో చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆమె ఇంట్లో స్త్రీలకి హిందీ నేర్పే బడి పెట్టారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ప్రారంభించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. స్వచ్ఛంద సంస్థలకి ప్రభుత్వ సొమ్ము గ్రాంటుగా ఇవ్వడం ఆ బోర్డు పని. ఇంట్లో బడి పెట్టి, చందాలు పోగుచేసి సంస్థ నడిపిన మనిషి, ఇలాంటి పనికి ప్రజాధనం రావాలని గుర్తించి అక్కడ కూర్చున్నారు. గ్రాంటుకి రిజిస్ట్రేషన్, ఆడిట్ అవసరం. అవి లేని చిన్న సంఘాలు బయటే ఉండిపోయాయి. ఆ బోర్డుని కేంద్ర ప్రభుత్వం 2022లో మూసేసింది.

ఆ చిన్న సంఘాలకి కూడా అందిన చోటు ఒకటి ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడులు నడిచాయి. వాలంటీర్లకి జీతం లేదు. పలక, వాచకం ప్రభుత్వానివి. కూలి పని చేసొచ్చిన ఆడవాళ్ళు అక్కడ చేరి అక్షరాలతోపాటు సారా గురించి మాట్లాడుకున్నారు. దూబగుంటలో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. 1992కి ఆ పోరాటం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమయింది. ఆ బడి ఏ పెద్దాయన దయ మీదా ఆధారపడలేదు. సారా దుకాణం ఎవరిదైనా "రంగులు వేయిస్తున్నాం" అని తాళం వేసేందుకు అక్కడ ఎవరి ఇల్లూ లేదు.

మా గది పోయిన కొన్నాళ్ళకి సంఘంలో ఒకావిడ నాతో ఒక మాట అంది. మాదిగవాడ నుంచి వచ్చే ఇద్దరిలో ఒకరామె. "పోతే పోయిందిలే అక్కా. నాకా గదిలో నాలుగేళ్ళూ దాహమే" అంది. వాళ్ళిద్దరూ ఆ మంచినీళ్ళ కుండ దగ్గరికి ఎన్నడూ వెళ్ళలేదట. ఇంటినుంచి సీసాలో నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు, మర్చిపోయిన రోజున అలాగే కూర్చునేవాళ్ళు. నాలుగేళ్ళు పక్కన కూర్చుని నేను గమనించలేదు. లెక్కల్లో సున్నా రాసింది నేనే. ఆ గది మాకు ఉచితమని రాసుకున్నాను. అందులో 'మాకు' అంటే ఎవరో ఆలోచించలేదు.

2003లో మేము ఊళ్ళో గ్రంథాలయానికి దరఖాస్తు పెట్టాం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలు చేసేవారు. వసూలైన సెస్సుని స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకి బకాయి పెట్టడం పాత ఫిర్యాదే. అయినా ఆ భవనం మన పన్నుతో నడిచేది. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు కూడా అద్దెలో కలిపి ఆ పన్ను కట్టినవాళ్ళే. "ఇక్కడ ఆడవాళ్ళ గొడవలెందుకమ్మా?" అని అడిగారు. ఇంటిపన్ను రసీదులు చూపించాం. మూడు నెలలు తిరిగాక నెలకో ఆదివారం మేడ మీది గది ఇచ్చారు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో పనిలేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. మా దగ్గరికొచ్చిన ఆ అమ్మాయికి చివరికి వకీలు దొరికింది అలాగే. పెద్దాయన గది లాంటి సహాయాన్ని తీసుకోవద్దని నేననను. చిన్న సంఘాలకి అంత పౌరుషం కుదరదు. కానీ దయగా వచ్చినదాన్ని దయ అనీ, హక్కుగా వచ్చినదాన్ని హక్కు అనీ విడివిడిగా రాసుకోవాలి. ఇచ్చినవాళ్ళు ఏ మాటకి తలుపు మూస్తారో ముందే తెలుసుకుని ఉండాలి.

గ్రంథాలయంలో మొదటి సమావేశానికి కొత్త నోటుపుస్తకం కొన్నాం. 'హాలు అద్దె' దగ్గర సున్నా బదులు 'ప్రజల పన్ను' అని రాశాం. గది ఊడ్చినామెకి ఇచ్చిన ముప్ఫై రూపాయలు దాని కింద రాశాం. ఆ తర్వాత ఇంకో గడి గీశాం. టీ ఎవరు కాచారు, కరపత్రాలు ఎవరు మడతపెట్టారు, ఆసుపత్రి దగ్గర రాత్రంతా ఎవరు కూర్చున్నారు, ఎన్ని గంటలు అని. పాత పుస్తకంలో ఆ గడే లేదు. నాలుగేళ్ళు సంఘాన్ని నడిపింది ఆ గంటలే. మంచినీళ్ళ బిందె ఆ రోజు దాహమన్నావిడే తెచ్చింది. ఆ మాట కూడా రాశాం.