ఇంటిలో ఉష్ణోగ్రతల సమతుల్యత

ఒకే ఇంటిలోని గదుల మధ్య, అంతస్తుల మధ్య ఏర్పడే వేడి తేడాలను తగ్గించి, అన్నిచోట్లా దాదాపు ఒకే ఉష్ణోగ్రత ఉండేలా చేయడాన్ని ఇంటిలో ఉష్ణోగ్రతల సమతుల్యత అనవచ్చును. శీతల దేశాలలో ఇది ముఖ్యంగా గదులను వెచ్చబరచడానికి సంబంధించిన విషయం. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం వేసవిలో మేడమీది గదుల వేడిని తగ్గించడమే ప్రధాన సమస్య. పల్నాడు జిల్లాలోని నకరికల్లు, నరసరావుపేట, మాచర్ల ప్రాంతాలలో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. ఇదే జిల్లాలోని రెంటచింతల అధిక ఉష్ణోగ్రతలకు పేరుపొందింది.

కారణాలు

వేడి మూడు విధాలుగా ప్రసరిస్తుంది.

- ఉష్ణవహనం: ఎండకు కాగిన కాంక్రీటు శ్లాబు గుండా వేడి నెమ్మదిగా లోపలికి దిగుతుంది. ఇందుకు కొన్ని గంటలు పడుతుంది. అందువలన పై అంతస్తులో సాయంత్రం, రాత్రివేళల్లో ఉక్క ఎక్కువ.
- ఉష్ణసంవహనం: వేడెక్కిన గాలి తేలికై మెట్లదారి గుండా పైకి చేరుతుంది. చల్లని గాలి కింద నిలుస్తుంది.
- ఉష్ణవికిరణం: కాగిన పైకప్పు, పడమటి గోడ గదిలోని మనుషులపైకి నేరుగా వేడిని వెదజల్లుతాయి.

కింది అంతస్తుకు పై అంతస్తే నీడ. నేల కూడా కొంత వేడిని పీల్చుకుంటుంది. కనుక అది చల్లగా ఉంటుంది.

సాంప్రదాయిక పద్ధతులు

పల్నాడు సున్నపురాయికి ప్రసిద్ధి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరొందింది. మందమైన రాతి, మట్టి గోడలు వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతాయి. తాటాకు కప్పులో ఆకుల నడుమ చిక్కుకున్న గాలి వేడిని అడ్డుకుంటుంది. రేకుల కప్పుకు ఈ గుణం లేదు.

నివారణ మార్గాలు

- వేసవికి ముందు శ్లాబుపై తెల్లసున్నం వేయడం. తెలుపు ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పి పంపుతుంది. వానలకు కొట్టుకుపోతుంది కనుక ఏటా వేయాలి.
- డాబాపై పందిరి, పడమటి వైపు చెట్లు పెంచి నీడ కల్పించడం.
- పగలు కిటికీలు మూసి, రాత్రి బయటిగాలి చల్లబడ్డాక తెరవడం. మెట్లగది పైభాగంలో కిటికీ ఉంటే వేడిగాలి బయటకు పోతుంది.
- ఏసీ నడిచే గది తలుపులు మూసి ఉంచడం. లేనిచో పై అంతస్తులోని చల్లగాలి మెట్లమీదుగా కిందికి జారిపోతుంది.

ఆరోగ్యం

పంకా గాలిని చల్లబరచదు, చెమటను ఆరేలా మాత్రమే చేస్తుంది. గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మించితే పంకా శరీరాన్ని మరింత వేడెక్కించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. వడగాడ్పుల రోజులలో వృద్ధులను, పసిపిల్లలను, గర్భిణులను కింది అంతస్తులోని చల్లని గదిలో ఉంచడం క్షేమం.

ప్రభుత్వ నియమాలు

నివాస గృహాల కొరకు కేంద్ర ప్రభుత్వం 2018లో 'ఎకో నివాస్ సంహిత'ను వెలువరించింది. పైకప్పు గుండా చదరపు మీటరుకు, ఒక్కొక్క డిగ్రీ తేడాకు ప్రసరించే వేడి 1.2 వాట్లు మించరాదని ఇందులో ఉన్నది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది.

ఇవి కూడా చూడండి

- వడదెబ్బ
- సున్నపురాయి
- పల్నాడు జిల్లా