రంగూను తవుడు: బర్మా ఎగుమతులలో ఒక శతాబ్ది

వరిధాన్యమునకు చరిత్ర వ్రాసినవారు పెక్కురు కలరు. తవుడునకు చరిత్ర వ్రాసినవారు అరుదు. వ్యాపారపు లెక్కలలో తవుడు బియ్యము వెనుక వచ్చు చిన్న పద్దు. ఐనను బర్మాదేశపు తవుడు ఎగుమతులు పెరిగిన తీరును, తరిగిన తీరును పరిశీలించినచో, ఆ దేశపు మిల్లుల చరిత్రయు, ఆ మిల్లులలో మూటలు మోసిన తెలుగువారి చరిత్రయు అందు కానవచ్చును. యానాము చుట్టుపట్లను, గంజాము తీరమునను రంగూను వెళ్లివచ్చిన పెద్దల ప్రస్తావన నేటికిని వినవచ్చును గనుక, ఈ విషయము ఈ సంపుటమునకు పరాయిది కాదు.

వడ్లను మరాడించినపుడు నూటికి సుమారు 20 పాళ్లు ఊకగను, 7 లేక 8 పాళ్లు తవుడుగను వేరగును. కావున పంట ఎంత పెరిగిన తవుడు ఎగుమతియు అంత పెరుగునని తోచవచ్చును. చరిత్రలో అట్లు జరుగలేదు. రోటిలో దంచిన యింట తవుడు ఆ యింటి పశువుల తొట్టికే పోవును. రేవుపట్టణపు మిల్లులో ఆడినపుడు మాత్రమే అది మూటలకెక్కి ఓడకెక్కును. ఎగుమతిని నిర్ణయించునది పంటకంటె మిల్లు ఉన్న చోటు.

మొదటి దశ 1869కి పూర్వపుది. 1852 యుద్ధముతో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైనది. 1855లో అచట వరి సుమారు 10 లక్షల ఎకరములలో పండుచుండెను. బియ్యపు ఎగుమతి సుమారు 1 లక్షా 60 వేల టన్నులు. ఆ కాలమున తెరచాప ఓడలు ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి, నెలల తరబడి ప్రయాణము చేసి ఐరోపా చేరవలసియుండెను. తెల్లగా తీసిన బియ్యము అంత ప్రయాణమునకు తాళక, ఓడ అడుగున వేడెక్కి చెడిపోవును. అందుచే పైపొట్టు మాత్రము తీసిన బియ్యమును, అందులో ఐదవవంతు వడ్లను కలిపి పంపుచుండిరి. దానికి ‘కార్గో బియ్యము’ అని పేరు. లండను, బ్రెమెను మొదలగు పట్టణముల మిల్లులలో దానిని మరల ఆడించి తెల్లబియ్యము చేయుచుండిరి. తవుడు బియ్యమునంటియే సముద్రము దాటెను గాని, దానికి వేరే పద్దు లేదు. ఆ తవుడు విలువయు అచటి మిల్లువారికే దక్కెను.

1869లో సూయజు కాలువ తెరువబడినది. ఆవిరి ఓడలు వచ్చినవి, ప్రయాణకాలము తగ్గినది. తెల్లబియ్యమును రంగూనులోనే తయారుచేసి పంపుటకు వీలు కలిగినది. రంగూను, బసీను, మౌల్మేను, అక్యాబు రేవులలో ఆవిరి మిల్లులు వరుసగా వెలసినవి. ఊకను ఆ మిల్లుల బాయిలర్లలోనే మండించుచుండిరి; తవుడు మిగిలినది. ఐరోపా పశుపోషకులు దానిని కొనసాగిరి. తవుడునందు నూటికి 15 పాళ్లకు తక్కువగాని నూనె ఉండును. మరాడించిన కొలది దినములలోనే అది చేదెక్కనారంభించును. కనుక మిల్లు పక్కనే రేవు, రేవులో సిద్ధముగ ఓడ ఉన్నచోటనే ఈ వ్యాపారము సాగును. రంగూనులో ఆ రెండును ఉండెను. 1930 నాటికి దిగువ బర్మాలో వరిసాగు సుమారు 99 లక్షల ఎకరములకు పెరిగినది. ఏటేటి బియ్యపు ఎగుమతి 30 లక్షల టన్నుల ప్రాంతమున ఉండెను. తవుడు ఎగుమతికి అదియే ఉచ్చదశ.

ఈ మూటలను మోసిన చేతులు ముఖ్యముగా తెలుగువారివి. బర్మాలో తెలుగు కూలీలకు ‘కోరంగీలు’ అని పేరు. యానామునకు చేరువనున్న కోరంగి రేవునుబట్టి ఆ పేరు వచ్చినది. కాకినాడ, విశాఖపట్టణము మొదలైన రేవులనుండి మేస్త్రీలు బయానా యిచ్చి జనమును ఓడలెక్కించుచుండిరి. కోతలైన పిదప మిల్లులు ముమ్మరముగ ఆడు నెలలలో పని దొరకును. పని తగ్గినపుడు పెక్కుమంది తిరిగివచ్చుచుండిరి. 1931 జనాభా లెక్కలలో రంగూను జనసంఖ్య సుమారు 4 లక్షలు. అందు సగమునకు పైగా భారతీయులు. 1930 మే నెలలో ఓడరేవునందలి తెలుగు కూలీలు కూలిరేట్ల పెంపునకై సమ్మె చేసిరి. వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టిరి. సమ్మె తీరి తెలుగువారు తిరిగి రాగా బర్మీయులను తొలగించిరి. మే 26న చెలరేగిన కలహములలో నూరుమందికి పైగా మరణించిరి. యజమానుల లెక్కలలో మూటల సంఖ్య చెడలేదు; చెడినది రెండు జాతుల నడిమి నమ్మకము.

1942లో జపాను సేనలు రంగూనును ఆక్రమించినవి. లక్షలకొలది భారతీయులు అడవిదారులబట్టి స్వదేశమునకు నడచిరి. వేలకొలది దారిలోనే మరణించిరి. యుద్ధానంతరము బియ్యపు ఎగుమతి కొంత కోలుకొన్నను, మునుపటి 30 లక్షల టన్నుల స్థాయి చాలకాలము రాలేదు. 1962 పిమ్మట సైనిక ప్రభుత్వము బియ్యపు వ్యాపారమును జాతీయము చేయగా, 1970 తరువాతి కొన్ని యేండ్లలో ఎగుమతి కొద్ది లక్షల టన్నులకు దిగజారెను. 1960 దశకములోనే మరల లక్షలమంది భారతీయులు బర్మా విడిచిరి. విశాఖపట్టణమునందలి బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తు.

మిల్లుల స్వరూపమును మారినది. రేవులోని పెద్ద మిల్లుల ప్రాధాన్యము తగ్గి, పల్లెలలో చిన్న మరలు వ్యాపించినవి. చిన్న మరలో ఊకపొడియు తవుడును కలిసిపోవుటచే, ఆ సరకు దూరదేశపు బజారునకు పనికిరాదు. అది ఊరి పందులకు, కోళ్లకు మేత ఐనది. 1990 తరువాత రంగూను పరిసరపు డెల్టాలో చేపల చెరువులు విస్తరించి, అచటి తవుడునకు క్రొత్త గిరాకి ఏర్పడినది. మన కొల్లేటి ప్రాంతపు చెరువులలోవలెనే అచటను శీలావతి చేపలకు తవుడే ప్రధానమైన మేత. 2010 తరువాత కొన్ని సంవత్సరములలో బియ్యపు ఎగుమతి మరల 20 లక్షల టన్నులు దాటినను, తవుడునకు స్వదేశమందే చెరువు కలదు.

తవుడు విదేశమునకు పోవుట ఐశ్వర్యమునకు చిహ్నమనియు, ఇంట నిలుచుట పతనమనియు ఎంచరాదు. అది పోయినపుడు ఎవరి పశువు బలిసినది, నిలిచినపుడు ఎవరి చెరువు నిండినది అని విచారింపవలెను. వర్తకుల చిట్టాలలో ప్రతి మూట తూకమును నమోదైనది. దానిని మోసినవాని పేరు నమోదు కాలేదు. ఆ పేర్లు మన యిండ్లలోని పాత ఉత్తరములలోను, ఓడ టిక్కెట్లలోను, వృద్ధుల జ్ఞాపకములలోను మాత్రమే మిగిలియున్నవి. అవి చెదిరిపోకమునుపే సేకరించుట సంఘముల కర్తవ్యము.